ఊచలకు కట్టే మెత్తలు

ఆసుపత్రి మంచానికి రెండు వైపులా ఉండే ఇనుప ఊచల్ని మేం సైడ్ రైల్స్ అంటాం. రోగి తాలూకు వాళ్లు వార్డులోకి రాగానే ముందు అడిగేది వాటి గురించే. "సిస్టర్, ఆ కడ్డీలు పైకి లేపండి, నాన్న పడిపోతాడేమో" అంటారు. లేపగానే వాళ్ల మొహాలు తేటపడతాయి. ఇక భయం లేదనుకుని టీ తాగడానికి కిందికి వెళ్తారు. నర్సు మాత్రం అక్కడితో నిశ్చింతగా ఉండకూడదు. ఊచ ఎవరికి కావాలి, ఎవరికి వద్దు, కావలసినవాళ్లకి దాని మీద మెత్త ఎలా కట్టాలి, కట్టాక ఏమేం చూస్తూ ఉండాలి? ఇవన్నీ ఒంటబట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. ప్రసూతి వార్డులో మొదలుపెట్టి, న్యూరో వార్డులో ఎక్కువ కాలం పనిచేసి, ఇప్పుడు వయసు పైబడినవాళ్ల వార్డు చూసుకుంటున్నాను. మూడు చోట్లా మంచాలు ఒకటే, రోగులు వేరు. ఆ తేడా తెలుసుకోవడమే మా పనిలో సగం.

జీఎన్ఎం నర్సింగు కోర్సు చదువుతున్నప్పుడు నాకు మొదట భయం పుట్టించింది ఎక్లాంప్సియా గది. మన పల్లెల్లో గుర్రపువాతం అంటారే, ఆ జబ్బు. నెలలు నిండుతున్న గర్భిణికి బీపీ పెరుగుతుంది, కాళ్లూ మొహమూ ఉబ్బుతాయి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్ల ముందు మసక. ఉన్నట్టుండి ఫిట్స్ మొదలవుతాయి. కాన్పుకు ముందు రావచ్చు, నొప్పుల మధ్యలో రావచ్చు, బిడ్డ పుట్టాక కూడా రావచ్చు. ఆ గది పద్ధతే వేరుగా ఉండేది. కిటికీలకు ముదురు రంగు తెరలు, ఒకే ఒక్క చిన్న లైటు. అందరూ మెల్లగా నడవాలి, మెల్లగా మాట్లాడాలి. మంచానికి ఊచలు, ఊచలకు మెత్తలు, తలాపున ఆక్సిజన్, పక్కనే సక్షన్ మిషను. గోడ మీద మెగ్నీషియం సల్ఫేటు లెక్క పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. మొదట నరంలోకి 4 గ్రాములు, ఒక్కో పిరుదులోకి 5 చొప్పున మరో 10 గ్రాములు, ఆ తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు. ప్రతి డోసుకూ ముందు మోకాలి కింద తట్టి జర్కు ఉందో లేదో చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, యూరిన్ బ్యాగులో ఎంత చేరిందో కొలవాలి. మందు ఎక్కువైతే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ట్రేలో సిద్ధంగా ఉండాలి. మన దేశంతో సహా పలు దేశాల్లో 1,687 మంది స్త్రీల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాకే, ఈ జబ్బులో డయాజిపాం, ఫెనిటాయిన్‌ల కన్నా మెగ్నీషియమే మేలని ప్రపంచమంతా ఒప్పుకుంది. మళ్లీ ఫిట్స్ రాకుండా మందు అడ్డుకుంటుంది. వచ్చిన ఫిట్ ఆగేదాకా ఉండే ఆ నిమిషం, నిమిషంన్నరలో తల్లి ఒంటికి దెబ్బ తగలకుండా చూసే బాధ్యత మెత్తదీ, మంచం పక్కనున్న నర్సుదీ.

అప్పట్లో కొన్న మెత్తలు లేవు. వార్డు హెడ్ సిస్టర్ దగ్గరుండి మా చేత కట్టించేది. సర్కారు ఆసుపత్రి ఎర్ర రగ్గు తీసుకుని ఊచల పొడవుకు సరిపడా నాలుగు మడతలు వేయాలి. దాన్ని పై కమ్మీ మీదుగా వేసి లోపలికి ఎంత వేలాడుతుందో బయటికీ అంత వేలాడేలా సర్దాలి. దాని మీద మెకింటాష్, అంటే రబ్బరు షీటు. దాని మీద ఉతికిన డ్రా షీటు. మడతలు లేకుండా లాగి, ఆరంగుళాల రోలర్ బ్యాండేజీతో నాలుగు చోట్ల కట్టాలి. ముడులన్నీ బయటివైపే రావాలి, కొసలు పొట్టిగా కత్తిరించాలి. పిన్నీసులు వాడకూడదు. ఊచని కిందికి దించే కొక్కెం మీదికి గుడ్డ రాకూడదు. డాక్టరు పరుగెత్తుకొచ్చినప్పుడు ఒక్క దెబ్బకి ఊచ దిగాలి. అంతా అయ్యాక సిస్టర్ వచ్చేది. "కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి మొత్తం తడుము. ఇనుము నీ చేతికి తగిలిందంటే ఆవిడ తలకీ తగులుతుంది" అనేది. మూలల దగ్గరా, రెండు ఊచలు కలిసే చోటా గుడ్డ పలచబడి ఇనుము తగిలేది. విప్పి మళ్లీ కట్టేవాళ్లం. ఇప్పటికీ నేను ఏ మెత్తనైనా ముందు అరచేత్తో తడిమి చూస్తాను. కంటితో చూస్తే అన్నీ మెత్తగానే కనిపిస్తాయి.

ఫిట్స్ వచ్చిన మనిషిని దగ్గరగా చూడనివాళ్లకి ఆ బలం ఎంతో ఊహకు అందదు. ఒళ్లంతా మొదట కర్రలా బిగుసుకుంటుంది. దవడ బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది, పెదాలు నీలమవుతాయి. తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలవుతుంది. సన్నగా ఉన్న ఆడపిల్ల చెయ్యి కూడా ఊచని తాకితే మంచం మొత్తం కదులుతుంది. మోచేతి ఎముక, కణత, మడమ, చెవి ఇనుముకు కొట్టుకునే చోట్లు. స్పృహ లేదు కాబట్టి దెబ్బ తగిలిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఉండదు, అదే చోట అదే దెబ్బ మళ్లీ మళ్లీ తగులుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకైతే చిన్న దెబ్బకే ఒంట్లో రక్తం గూడుకడుతుంది. అందుకే ఇలాంటి రోగికి ఊచ ఎంత అవసరమో దాని మీద మెత్త అంతే అవసరం. ఊచ లేకపోతే నేల మీద పడతారు, మెత్త లేకపోతే ఊచే కొడుతుంది.

ఆ సమయంలో బంధువులు చేసేవి నాలుగున్నాయి. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకుని అదుముతారు. నోట్లో చెంచా పెట్టబోతారు. తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు. నీళ్లు పోయబోతారు. అందరూ ప్రేమతోనే చేస్తారు కాబట్టి కసరకుండా పక్కకు జరపాలి. బలంగా అదిమితే భుజం కీలు జారుతుంది. చెంచా పెడితే పళ్లు విరిగి గొంతులోకి పోతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇనుముకి ఫిట్‌ని ఆపే శక్తి లేదు. మేం చేసేది ఇంతే: గడియారం చూస్తాం, మెల్లగా పక్కకు ఒత్తిగిలిస్తాం, మెడ దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేస్తాం, తల కింద మెత్తగా ఏదైనా పెడతాం, నోట్లో చేరిన నురగ సక్షన్‌తో తీస్తాం. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా అది ప్రాణం మీదికొచ్చే పరిస్థితి. డాక్టరు కోసం కేక వేయాల్సిందే. మెత్త కట్టి ఉంటే నా రెండు చేతులకూ తీరిక దొరుకుతుంది. చేతులు అడ్డుపెట్టి దెబ్బలు ఆపే పని మెత్త చూసుకుంటే ఊపిరి సంగతి నేను చూసుకుంటాను.

హైదరాబాదులో న్యూరో వార్డుకు మారాక రగ్గులతో పని సాగలేదు. అక్కడ మంచాలు ఎక్కువ, మూర్ఛ రోగులు ఎప్పుడూ ఉంటారు, రగ్గు ఒక్కసారి తడిస్తే ఆరడానికి రోజు పడుతుంది. బయటి దేశాల నుంచి వచ్చే మెత్తలు ఖరీదైనవి, మన మంచాల కొలతకు సరిపోయేవి కావు. అప్పుడు ఆటో సీట్లు కుట్టే మేస్త్రి ఒకాయన్ని పిలిపించాం. కొలత తీసుకోకముందే ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "అమ్మా, ఇది కూర్చునేదా, గుద్దుకునేదా?" అన్నాడు. గుద్దుకునేదే అన్నాను. "అయితే సీటు ఫోమ్ పనికిరాదు. మరీ మెత్తదీ పనికిరాదు, గుద్దితే వెనకనున్న కమ్మీ తగులుతుంది" అని రెండు మూడు రకాల ముక్కలు తెచ్చి, ఊచ మీద పెట్టి మోచేత్తో గుద్ది చూపించాడు. రెండంగుళాల మందంలో కాస్త గట్టి రకం ఖాయం చేశాం.

కుట్టు దగ్గర ఆయన అనుభవమూ నా అనుభవమూ కలిశాయి. సీట్ల అంచులకు వేసే బీడింగు వద్దన్నాను. ముసలివాళ్ల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, ఆ గట్టి అంచుకు రాసుకుంటే లేచిపోతుంది. కుట్లు లోపలివైపు ఉంటే వాటిలోంచి మూత్రం, వాంతి, రక్తం ఫోమ్‌లోకి దిగుతాయి కాబట్టి కుట్లన్నీ బయటివైపు, అడుగున వచ్చేలా మార్చాడు. మొదట వెల్‌క్రో పట్టీలు పెట్టాడు. తికమకలో ఉన్న రోగులు రాత్రంతా వాటిని చరచర లాగి విప్పేస్తుంటే, బయటివైపు బకిల్స్ పెట్టించాం. పట్టీల కొసలు వేలాడకుండా కుట్టించాం, వేలాడే ఏ పట్టీ అయినా మెడకు చుట్టుకోవచ్చు. కొక్కెం ఉన్న చోట కిటికీలా కోయించాం. మెత్త పై అంచు ఊచ కన్నా పైకి లేవకుండా చూశాం. నర్సు స్టేషన్ నుంచి రోగి మొహం కనపడకపోతే ఎంత మంచి మెత్త అయినా దండగే.

ఇలా ఫోమ్ మీద రెక్సిన్ తొడిగి కుట్టించిన మెత్తని ఒక రోగి నుంచి ఇంకో రోగికి మార్చేటప్పుడు సబ్బునీళ్లతో తుడిచి, ఆ తర్వాత సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచి ఆరనివ్వాలి. చిన్న చిరుగు కనపడినా దాన్ని పక్కన పడేయాలి. చిరిగిన చోటు నుంచి తడి లోపలికి పోయి ఫోమ్ కుళ్లుతుంది, పైకి ఏమీ తెలియదు. ప్లాస్టరు అంటించి వాడదామంటే నేను ఒప్పుకోను.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగిన రోజులు మా రంగంలో ఉన్నవాళ్లు మరిచిపోలేరు. కల్లులో కలిపే అల్ప్రజోలాం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు లాంటి మత్తుమందులకు అలవాటుపడ్డ ఒళ్లకు అవి ఒక్కసారిగా దొరకడం ఆగిపోయింది. నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు వణికిపోతున్న మనుషులతో నిండిపోయాయి. మా వార్డుకూ కొందరు వచ్చారు. చేతులు ఆగవు, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటూ లేచి పరుగెత్తబోతారు, మధ్యలో ఫిట్స్. వాళ్లలో కూలిపని చేసుకునేవాళ్లు, వయసులో ఉన్నవాళ్లు, బలమున్నవాళ్లు చాలామంది. ఆ కుటుంబాలవాళ్లు తువ్వాళ్లతో, చీరలతో మంచానికి కట్టేసి తెచ్చారు. ఇంట్లో ఒక్కళ్లే ఉండి అంత బలాన్ని ఆపలేక చేసిన పని అది, వాళ్లని తప్పుపట్టలేం. మేం ముందు మందు పడేలా చూశాం, తర్వాత మెత్తలు బిగించాం, తర్వాత ఒక్కో కట్టూ విప్పాం. కట్టు విప్పాక చాలామంది నెమ్మదించారు. కట్టు ఉన్నంతసేపూ పెనుగులాడారు, మణికట్టు దగ్గర చర్మం పోయింది.

ఇంతవరకూ చెప్పినవాళ్లంతా ఒక రకం. తమ ఒళ్లు తమకు తెలియకుండా కొట్టుకునేవాళ్లు. వాళ్లకి ఊచ, మెత్త రెండూ మేలు చేస్తాయి. రెండో రకం వేరు. వాళ్లు కావాలనే లేస్తారు. ఒంటికి బలం ఉండదు, చోటు తెలియదు, టైము తెలియదు, కానీ లేవాలన్న కోరిక గట్టిగా ఉంటుంది. వయసు పైబడి, జ్వరంతోనో ఆపరేషన్ తర్వాతో తికమకపడేవాళ్లు వీళ్లు. వీళ్ల దగ్గర ఊచ లేపడం అంటే దాటాల్సిన గోడ కట్టడమే. దాటబోయి పడితే మంచం ఎత్తు నుంచి కాకుండా ఊచ ఎత్తు నుంచి పడతారు. తుంటి విరగడం, తలకు దెబ్బ అక్కడే జరుగుతాయి. మెత్త ఎంత మందంగా ఉన్నా ఆ పడటాన్ని ఆపలేదు, పైగా ఊచ మీద కాలు వేయడానికి మెట్టులా పనికొస్తుంది.

ఒక పెద్దాయన గుర్తున్నాడు. పల్లెటూరి రైతు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వచ్చాడు. పగలు బాగానే మాట్లాడాడు. రాత్రి రెండు దాటాక ఊచల్ని పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. ఒక కాలు అప్పటికే ఊచ మీద వేశాడు. కోడలు హడలిపోయి, "సిస్టర్, చేతులు కట్టేయండి, నా వల్ల కావట్లేదు" అంది. ఆవిడ రెండు రాత్రులుగా నిద్రపోలేదు. నేను ముందు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన మొహానికి ఎదురుగా వచ్చి అడిగాను.

"పెద్దయ్యా, ఎక్కడికి?"

"కరెంటొచ్చే యాళయింది. మోటరెయ్యాల."

రాత్రిపూట వచ్చే కరెంటు కోసం ఎన్నేళ్లు లేచాడో, ఆ గంట ఆయన ఒంట్లో ఉండిపోయింది. అయినా అదొక్కటే కారణమనుకుని వదిలేయకూడదని మాకు నేర్పారు. తికమకలో ఉన్న మనిషి ఒంట్లో ఎక్కడో బాధ ఉండి, అది చెప్పే మాట దొరక్క ఇంకో మాట చెబుతాడు. దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టాను. బొడ్డు కింద బిర్రుగా, గుండ్రంగా తగిలింది. సాయంత్రమే కాథెటర్ తీశారు, అప్పటి నుంచి ఒక్క చుక్క పోయలేదు. చార్టు కూడా అదే చెప్పింది. డ్యూటీ డాక్టరు వచ్చి మళ్లీ కాథెటర్ వేస్తే బ్యాగు నిండింది. ఆయన మొహంలో ముడతలు సడలాయి. కళ్లద్దాలు పెట్టాను, చెవి మిషను పెట్టాను. "ఇది ఆసుపత్రి పెద్దయ్యా. నిమ్ము తగ్గాక ఇంటికి పోదాం. మోటరు సంగతి మీ అబ్బాయి చూసుకుంటాడు" అని నెమ్మదిగా చెప్పాను. మంచం ఎత్తు బాగా కిందికి దించి, కోడలు కూర్చున్న వైపు ఊచ దించేశాను. తెల్లారేదాకా పడుకున్నాడు. ఆ రాత్రి ఆయనకు కట్లు అవసరం రాలేదు, మెత్తలూ అవసరం రాలేదు.

మూత్రం ఆగిపోవడం ఒక్కటే కాదు, ఇలా లేపేవి ఇంకా ఉన్నాయి. నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, నొప్పి, దాహం, చలి, ఒంట్లో సోడియం తగ్గడం, జ్వరం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వార్డులో రాత్రంతా వెలిగే లైటు. వీటిని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఊచ లేపాల్సిన అవసరం చాలాసార్లు పోతుంది. రోగి చేరగానే, పడే ప్రమాదం ఎంతో లెక్కకట్టే మోర్స్ స్కేలు వేస్తాం. 1989లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇంతకుముందు పడ్డ చరిత్ర ఉంటే 25, సెలైన్ లైను ఉంటే 20, తన బలం తాను తెలుసుకోలేకపోతే 15, ఇలా ఆరు అంశాలకు మార్కులు, మొత్తం 125. ఎక్కువొస్తే చేతికి పసుపు పట్టీ. ఆ అంకె ప్రమాదం ఎంతో చెబుతుంది గానీ ఊచ లేపమని చెప్పదు. దాన్ని "స్కోరు ఎక్కువ, అయితే ఊచ లేపు" అని చదువుకుంటేనే పొరపాటు.

ఊచల వల్ల పడటం కాక ఇంకో ప్రమాదం ఉందని మన దగ్గర చాలామందికి తెలియదు. మనిషి ఊచల సందులో ఇరుక్కుపోవడం. అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంగతి మీద 1995లోనే ఆసుపత్రులను హెచ్చరించింది. 1985 నుంచి 2009 మొదటి రోజు దాకా ఊచల మంచాల్లో చిక్కుకున్న, ఇరుక్కున్న, మెడ బిగుసుకున్న సంఘటనలు 803 ఆ సంస్థకు చేరాయి. వాటిలో 480 మంది చనిపోయారు, 138 మంది గాయపడ్డారు, సిబ్బంది సమయానికి చూడటంతో 185 మంది దెబ్బ తగలకుండా బయటపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, నీరసించినవాళ్లు, తికమకలో ఉన్నవాళ్లు. అంటే ఎవరి భద్రత కోసం ఊచ లేపుతామో వాళ్లే.

2006లో ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇరుక్కునే చోట్లు ఏడు చెప్పారు. ఊచకీ ఊచకీ మధ్య, ఊచ అడుగున, ఊచకీ పరుపుకీ మధ్య, ఊచ కొస కింద, తలవైపు ఊచకీ కాళ్లవైపు ఊచకీ మధ్య ఖాళీలో, ఊచ కొసకీ మంచం తలాపు పలకకీ మధ్య, పలకకీ పరుపుకీ మధ్య. మొదటి మూడు చోట్ల సందు 120 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, తల దూరకూడదని. నాలుగో చోట 60 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, మెడ దూరకూడదని. ఇది చదివాక మా ఆసుపత్రి వడ్రంగి చేత రెండు చెక్క ముక్కలు కోయించాను. ఒకటి 12 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటి 6 సెంటీమీటర్లు. వార్డు సొరుగులో ఉంటాయి. కొత్త మంచం వచ్చినా, పరుపు మార్చినా, మెత్త బిగించినా, ఆ ముక్కల్ని ఒక్కో సందులో పెట్టి చూస్తాం. పరుపు అంచుని చేత్తో కిందికి నొక్కి మరీ చూడాలి, మనిషి పడుకుంటే అది నొక్కుకుపోతుంది కదా. ముక్క దూరిందంటే ఆ మంచం ఆ రోగికి వద్దు.

బాగా కట్టిన మెత్త ఊచల మధ్య సందుల్ని మూసేస్తుంది, చెయ్యీ కాలూ దూరవు. కానీ వదులుగా కట్టిన మెత్త పరుపుకూ తనకూ మధ్య కొత్త సందు తెస్తుంది. మెత్త నొక్కుకున్నకొద్దీ ఆ సందు పెరుగుతుంది. ఒత్తిగిలిన రోగి మొహం ఆ రెక్సిన్‌కి ఆనుకుని తిప్పుకోలేకపోతే ఊపిరి ఆడదు. అందుకని తల తిప్పుకునే శక్తి లేనివాళ్లకు మెత్త కట్టామంటే పక్కన మనిషి ఉండాల్సిందే. పసిపిల్లల తొట్లకు అసలే వద్దు. చుట్టూ కట్టే మెత్తలకు మొహం ఆనుకుని ఊపిరాడక పిల్లలు పోయిన సంఘటనల వల్ల అమెరికాలో 2022లో చట్టం చేసి వాటి అమ్మకాన్ని నిషేధించారు.

గాలిపరుపు సంగతీ చెప్పాలి. పుండ్లు పడకుండా ఎయిర్‌బెడ్ వేయమని డాక్టర్లు రాస్తారు, మంచి పనే. దాన్ని పాత పరుపు మీద వేయగానే రోగి నాలుగైదు అంగుళాలు పైకి లేస్తాడు, ఊచ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పరుపు మీద నుంచి ఊచ కనీసం 220 మిల్లీమీటర్లు పైకి ఉండాలన్నది ఆసుపత్రి మంచాల అంతర్జాతీయ ప్రమాణం. ఎయిర్‌బెడ్ వేశాక కొలిస్తే చాలా మంచాలు తప్పుతాయి. దాని అంచు మీద బరువు పడితే పక్కకు ఒరుగుతుంది, రోగి నేరుగా ఊచ సందు వైపు జారతాడు. ఎయిర్‌బెడ్ వేసిన రోజే కొలతలు మళ్లీ తీసుకోవాలని మా వార్డులో నియమం.

ఈ మధ్య ఇళ్లకు ఆసుపత్రి మంచాలు అద్దెకు తెచ్చుకోవడం పెరిగింది. కొడుకులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఇక్కడ అమ్మని ఒక అటెండర్ చూసుకుంటుంది. వీడియో కాల్‌లో ఊచలు లేచి ఉంటే వాళ్లకి ధైర్యం. నన్ను అడిగేవాళ్లకి చెప్పేది ఇదే. దిండ్లు ఊచలకు ఆనించి వదిలేయకండి, అవి జారి మొహం మీద పడతాయి. చీరతో, చున్నీతో ఊచలకు కట్లు వేయకండి. మీ అమ్మగారికి ఫిట్స్ గానీ వణుకు గానీ ఉంటే ఊచల పొడవునా కదలని మెత్త కట్టించండి. ఆవిడ లేచి తిరగాలనుకునే మనిషైతే వీలైనంత కిందికి దిగే మంచం తీసుకోండి, లేదా నేల మీద మందపాటి పరుపు వేయండి. మన ఇళ్లలో చాప మీద, బొంత మీద పడుకున్న అలవాటు పెద్దవాళ్లకి కొత్త కాదు. పక్కన బెల్లు, బాత్రూం దాకా చిన్న లైటు, రెండు మూడు గంటలకోసారి ఆవిడ అడగకముందే బాత్రూంకి తీసుకెళ్లే మనిషి. ఊచ కన్నా ఇవి ఎక్కువ పనిచేస్తాయి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం రోగిని కట్టడి చేయడం అప్పటికప్పుడు ముంచుకొచ్చే హాని తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే జరగాలి. అవసరమైనదాని కన్నా ఒక్క నిమిషం ఎక్కువ ఉండకూడదు. రోగి తరఫున ఉండే నామినేటెడ్ ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. శిక్షగా వాడకూడదు. సిబ్బంది తక్కువన్న సాకుతో అసలే వాడకూడదు. ఆ చట్టం మానసిక వైద్యశాలల కోసం రాసిందే అయినా ఆఖరి మాట ప్రతి వార్డుకూ వర్తించాలని నేను కోరుకుంటాను. మనిషి లేవకుండా రెండు వైపులా ఊచలు లేపామంటే దానికి మెత్త తొడిగినా అది కట్టడే. రాత్రి ముప్పై మంది రోగులకు ఇద్దరు నర్సులుంటే ఆ ఊచలు రోగి కోసం లేస్తున్నాయా, మనుషులు చాలక లేస్తున్నాయా? బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతుంది. మెత్తలు కొనమని ఇండెంటు పెడితే స్టోర్స్ ఇస్తుంది. నర్సుల్ని ఇవ్వమని అడిగే ఇండెంటు మాత్రం లేదు. రోగులు పడిన లెక్కల్ని నాణ్యత సూచికగా, ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ అడుగుతోంది కాబట్టి ఆసుపత్రులు ఇప్పుడు ఆ అంకెని శ్రద్ధగా చూస్తున్నాయి. ఆ షిఫ్టులో ఎంతమంది నర్సులున్నారన్న అంకెని కూడా దాని పక్కనే రాయాలని నేను ప్రతి మీటింగులో అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

కొత్తగా చేరిన నర్సులకు నేను నేర్పే పద్ధతి ఒకటుంది. కేస్ షీటులో "సైడ్ రైల్స్ పైకి, ప్యాడింగ్ ఉంది" అని రాసి సంతకం పెట్టడంతో ఆపొద్దు. ఎందుకు లేపారో కూడా రాయండి. ఫిట్స్ అని రాయండి, వణుకు అని రాయండి, మత్తు ఇంకా దిగలేదని రాయండి, పక్కకు ఒత్తిగిలడానికి పట్టుకోవాలని రోగే అడిగాడని రాయండి. అలా రాయగలిగితే మెత్తని అరచేత్తో తడిమి, సందుల్లో చెక్క పెట్టి చూసి, గంటగంటకీ వచ్చి చూడండి. "లేస్తున్నాడు" అన్న మాట తప్ప ఇంకేమీ రాయడానికి దొరక్కపోతే ఊచ దించండి, మంచం కూడా కిందికి దించండి, దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి పెట్టండి. ఎందుకు లేస్తున్నాడో తెలుసుకున్నాక దాన్ని కేస్ షీటులో రాయండి. తర్వాతి డ్యూటీకి వచ్చే నర్సుకు మీరు అప్పగించాల్సింది అదే.